కుప్పంలో నేను చెయ్యి కడిగిన పొద్దు

ఒక పూట ఆకలికి ఆగలేక, ఒక ముద్ద సంగటి తిని, ఒక పిల్ల చదువునూ, ఇద్దరు పెద్దమనుషుల పరువునూ, నా అద్దె గదినీ ఒకేసారి గోతిలోకి తోసిన మనిషిని నేను. మామూలుగా ఇంత నష్టం జరగాలంటే తుఫానైనా రావాలి, ఎన్నికలైనా రావాలి. నేను ఒక్క కుడిచేత్తో చేశాను. వినేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. నేను మాత్రం ఈ సంగతి చెప్పేటప్పుడు నవ్వను. నవ్వే హక్కు ఆ రోజే పోగొట్టుకున్నాను.

పడ్డ సంగతి చెప్పేముందు ఎంత ఎత్తునుంచి పడ్డానో చెప్పాలి కదా. డెబ్బైల చివర్లో, తిరుపతిలో ఎం.ఏ. చదివి, మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ లెక్చరరుగా చేరాను. ఆ సబ్జెక్టు ఏమిటో అప్పట్లో చాలామందికి తెలియదు. వాయల్పాడు పక్కన మా పల్లెలో ఎవరైనా మా నాయన్ను, "మీవోడు ఏం పాఠం సెప్తాడప్పా?" అని అడిగితే, "మనుషులు మనుషులతో ఎట్ల బతకతాండారో సెప్తాడంట" అనేవాడు. "దానికి జీతం గూడా ఇస్తారా!" అని వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. నాకైతే ఏ అనుమానమూ లేదు. సమాజం ఒక గడియారమనీ, దాని వెనక మూత విప్పి చూసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణేననీ అనుకుంటూ మదనపల్లె వీధుల్లో తల ఎత్తుకుని తిరిగేవాణ్ణి.

రెడ్డెప్ప అనే పెద్దాయన ఇంట్లో ముందరి గది అద్దెకు తీసుకున్నాను. ఆయనకు చెనిక్కాయల మండీ, అంటే వేరుశనగల మండీ ఉండేది. గది కోసం పోయినప్పుడు ఆయన నా పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు.

"మీరేమిట్లప్పా?" అని కులం అడిగాడు.

చెప్పాను.

"అట్లయితే మావోడివే. పెట్టె దించు" అన్నాడు.

నేను పుస్తకాల్లో వెతుకుతున్న సోషియాలజీ మొదటి పాఠం ఆ గడప మీదే జరిగిపోయింది. నాకు తట్టలేదు. గది దొరికిందన్న సంతోషంలో ఉన్నాను. "మావోడివే" అనే మాట ఎంత బరువుదో అప్పుడే తెలిసుంటే పెట్టె దించకుండా అదే రిక్షాలో వెనక్కి పోయేవాణ్ణి.

కాలేజీలో ఆఖరి సంవత్సరం క్లాసులో సుగుణ అనే అమ్మాయి ఉండేది. కుప్పం పిల్ల. హాస్టల్లో ఉండి చదువుకునేది. మిగతావాళ్ళు నేను చెప్పింది రాసుకునేవాళ్ళు, ఆమె నేను చెప్పినదాన్ని అనుమానించేది. ఒకరోజు పాత్ర అనే పాఠం చెప్తున్నాను. ఒకే మనిషి ఇంట్లో కొడుకు, బడిలో అయ్యవారు, సంతలో బేరగాడు. ఒక్కొక్క చోట సమాజం అతని నుంచి ఒక్కొక్క రకం నడవడి కోరుతుంది, దాన్నే పాత్ర అంటాం అని వివరిస్తుంటే సుగుణ లేచింది.

"సార్, ఒకే చోట ఒకే మనిషికి రెండు పాత్రలుంటే, యా పాత్రలో ఉండాడో ఎవరు సెప్పాల?"

"ఆ మనిషే చెప్పాలి. అతనికి తెలియంది ఇంకెవరికి తెలుస్తుంది?"

"సూసేవాళ్ళు ఇంకో మాదిరి అనుకుంటే సార్?"

"అనుకోనీ. అది వాళ్ళ అజ్ఞానం. కూర్చో."

దయచేసి ఈ జవాబును గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామన్నా మర్చిపోలేకుండా ఉన్నాను.

మాఘమాసం దగ్గర పడింది. ఒక సాయంత్రం రెడ్డెప్ప నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"సార్, నీతో ఒక పని పడినాది. పుంగనూరులో మా అక్క కొడుకు మోహన ఉండాడు గదా, వాడికి కుప్పంలో పిల్లను సూసేదానికి పోతాండాము. పిల్ల మీ కాలేజీలోనే సదువుతాండాదంట. నువ్వూ రా. సదువుకున్నోడు ఒకడు పక్కనుంటే మాకూ మర్యాద."

"పిల్ల పేరేమిటి?"

"సుగుణ. మునస్వామి కూతురు."

మా వైపు పెళ్ళికొడుకు మేనమామ మాటే చివరి మాట. తండ్రి ఉన్నా సరే, మేనమామ ఊ అంటేనే ఊ. ఆ మేనమామే నన్ను పిలుస్తున్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. పుస్తకాల్లో 'సహభాగి పరిశీలన' అని ఒకటుంటుంది. అంటే పరిశోధకుడు జనంలో కలిసిపోయి, వాళ్ళలో ఒకడుగా ఉంటూనే, దేన్నీ ముట్టుకోకుండా అన్నీ చూస్తాడన్నమాట. నాకు ఆ అవకాశం నడుచుకుంటూ వచ్చి నా మంచం మీద కూర్చుంది.

మర్నాడు కాలేజీ వరండాలో సుగుణ నాకోసం నిలబడి ఉంది.

"సార్, ఆదివారం మా ఇంటికి వస్తాండారంట గదా, పెండ్లికొడుకోళ్ళతో."

"పరిశీలనకు వస్తున్నాను."

"దేనికైతేనేమి సార్. నాకొక సాయం జేయాల. వాళ్ళెవర్నీ మా ఇంట్లో చెయ్యి కడగనీకుండా వెనక్కి తోడుకోని పోండి."

తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్కమాట. చెయ్యి కడగడమంటే మా వైపు భోజనానికి కూర్చోవడం. పిల్లను చూడ్డానికి పోయినవాళ్ళు కాఫీ తాగొచ్చు, మంచినీళ్ళు తాగొచ్చు. కానీ ఆ ఇంట్లో చెయ్యి కడిగి ముద్ద నోట్లో పెట్టుకున్నారంటే సంబంధం ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదనడం మర్యాదస్తులు చేసే పని కాదు. నచ్చనివాళ్ళు, ఇంకా తేల్చుకోనివాళ్ళు, ఎంత బతిమాలినా పీట మీద కూర్చోరు.

"వాళ్ళు తింటే మాఘంలోనే ముహూర్తం పెట్టేస్తారు సార్" అంది సుగుణ. "పెండ్లైనంక పరీక్షలు గిరీక్షలు లేవని ఆ పెండ్లికొడుకు వాళ్ళమ్మ ముందే సెప్పి పంపించింది. తినకుండా పోతే, పోయి సెప్పి పంపుతామనే మాట కిందికి వస్తాది. మా నాయన మంచోడే. నేను ఏడిస్తే వింటాడు. ఒకసారి మాట ముడిపడినాదంటే మాత్రం దేవుడు దిగొచ్చి సెప్పినా వినడు. పరీక్షలు అయ్యేదాకా ముడి పడకుంటే సాలు."

"నీకు పరీక్షలు అంత ముఖ్యమా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"మీ మాదిరి పాఠం సెప్పాలని ఉండాది సార్."

ఆ మాటతో నేను ఒక్కసారిగా పొడుగయ్యాను. పొగడ్తకు నా అంత తొందరగా లొంగే మనిషి జిల్లాలోనే లేడు. "సుగుణా, నేను సోషియాలజీ లెక్చరర్ని. సమాజం ఎక్కడ నొక్కితే ఎక్కడ కదులుతుందో నాకు తెలుసు. నువ్వు నిశ్చింతగా పోయి చదువుకో. మీ ఇంట్లో ఒక్కడి చెయ్యి కూడా తడవదు" అని మాటిచ్చాను. అందులో నా చెయ్యిని నేను లెక్కవేసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే రెడ్డెప్పా నేనూ మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో మోహన ఇంటికి చేరాము. అక్కడ నట్టింట్లో వరసగా ఆకులు పరిచి ఉన్నాయి. "కుప్పంలో కాఫీ తప్ప ఏమీ ముట్టగూడదు. ఈడనే కడుపుకు బాగా ఏసుకోండి" అని రెడ్డెప్ప కేక పెట్టాడు. అందరూ దోసెల మీద పడ్డారు. నేను ఆకు ముందు కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాను.

"ఈ ఆచారం ఎందుకు వచ్చిందంటారు? పెళ్ళిచూపుల ఇంట్లో ఎందుకు తినకూడదు?"

"మా తాతలు తినలేదు" అన్నాడు ఒక ముసలాయన దోసె చుట్టుకుంటూ.

"వాళ్ళెందుకు తినలేదు?"

"ముందు దోసె తిను సార్, సల్లారిపోతాండాది" అన్నాడు రెడ్డెప్ప.

"ఒక్క నిమిషం. ఈ విశ్వాసానికి ఉప్పు తిన్న రుణం కారణమా, లేక సమూహ ప్రవేశానికి..."

"బస్సొచ్చినాది!" అని బయటి నుంచి ఎవరో అరిచారు. అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. నా ఆకులో దోసెలు అట్లానే ఉన్నాయి. మోహన వాళ్ళమ్మ నన్ను చూసిన చూపులో జాలి ఉందో, నా చదువు మీద అనుమానం ఉందో చెప్పలేను. ఏమైనా ఆ రోజు నాశనానికి పునాది పడింది కుప్పంలో కాదు, పుంగనూరులో, ఆ దోసెల ముందు.

పలమనేరు దాటేసరికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కుప్పంలో బస్సు దిగేసరికి సమాజమూ నేనూ రెండూ మసకగా కనిపిస్తున్నాయి.

మునస్వామి పట్టుపురుగులు పెంచే రైతు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గేటు దగ్గరికే ఎదురొచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. నన్ను చూపించి రెడ్డెప్ప, "మావోడే బావా, మావోడే" అని చెప్పాడు. మేము కూర్చున్న హాలు పక్క గదిలో వెదురు తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు మేస్తున్నాయి. వేలకొద్దీ పురుగులు ఒకేసారి తింటుంటే ఆ చప్పుడు సన్నటి వాన మాదిరి ఉంటుంది. మామూలు రోజుల్లో వినడానికి హాయిగా ఉంటుంది. ఆ ఇంట్లో మర్యాదలతో పనిలేకుండా కడుపునిండా తింటున్నవి అవే అని తెలిసినప్పుడు మాత్రం ఆ చప్పుడు భరించలేము.

మునస్వామి లడ్లు, మురుకులు పెట్టిన పళ్ళేలు తెచ్చాడు. రెడ్డెప్ప చెయ్యి అడ్డం పెట్టి, "కాఫీ సాలు బావా" అన్నాడు. పళ్ళేలు వెనక్కి పోయాయి. నా చూపు వాటి వెంట వంటింటి దాకా పోయింది. సుగుణ వచ్చి చాప మీద కూర్చుంది. తల వంచుకునే ఒకసారి నావైపు చూసింది. నేను, నేనున్నాను కదా అన్నట్టు తలూపాను. ఆమె లోపలికి పోయాక భూముల మాటలు, బోర్ల మాటలు, వానల మాటలు మొదలయ్యాయి. రెడ్డెప్ప ఇంకో కాఫీ అడిగాడు. నా కడుపులోంచి ఒక మూలుగు వచ్చింది. పక్కనున్న మోహన ఉలిక్కిపడి చూశాడు. ముఖం కడుక్కుంటానని చెప్పి నేను పెరట్లోకి పోయాను.

పెరటి వంటింట్లో సుగుణ అవ్వ సంగటి కెలుకుతోంది. వేడి రాగి వాసన, పక్కన రోట్లో అప్పుడే నూరిన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వాసన. నేను వాకిలి దాటి ముందుకు పోలేకపోయాను.

"ఎవరప్పా నువ్వు?"

"సుగుణకు పాఠం చెప్పే అయ్యవారిని అవ్వా."

"అయ్యవారివా! మా పిల్ల నోరు తెరిస్తే నీ మాటే సెప్తాది. మొగమేంది అట్ల వాడిపోయుండాది? పొద్దున ఏమన్నా తిన్నావా లేదా?"

"లేదవ్వా. కానీ తినకూడదు. పెళ్ళికొడుకు వాళ్ళతో వచ్చాను."

"వాళ్ళతో వస్తే? నువ్వు మా పిల్లకు అయ్యవారివి గదా. అయ్యవారు మా ఇంటికొచ్చి పస్తుతో పోతే పిల్లకు సదువు అబ్బతాదా? కూసో."

పాపం, ఆ ముసలామె మనసులో ఏ ఎత్తూ లేదు. మనవరాలికి చదువు రావాలి, చదువు చెప్పేవాడి కడుపు చల్లగా ఉండాలి, అంతే. ఎత్తులన్నీ నా బుర్రలోనే. హాల్లో కూర్చున్నది పెళ్ళివారి మనిషి, ఇక్కడ నిలబడింది గురువు, ఇద్దరూ వేర్వేరు పాత్రలు, గురువు తింటే పెళ్ళివారు తిన్నట్టు ఎలా అవుతుంది, ఏ పాత్రలో ఉన్నానో చెప్పాల్సింది నేనే కదా అని నా శాస్త్రం నాకు గబగబా సర్ది చెప్పింది. ఆకలి వేసినవాడికి శాస్త్రం చాలా తొందరగా సహకరిస్తుంది.

అవ్వ చెంబుతో నీళ్ళు పోసింది. చెయ్యి కడిగాను.

సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన ఆకుకూర పులుసు, ఊరిబిండి. ఆ రుచి గురించి రాయను. రాస్తే నేను చేసింది న్యాయమే అనిపిస్తుంది. ఒక ముద్ద అయింది. రెండోది వేయించుకుని సగంలో ఉండగా మునస్వామి నన్ను పిలవడానికి పెరట్లోకి వచ్చాడు.

నా చేతిని చూశాడు. నోట్లోకి పోతున్న ముద్దను చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి హాల్లోకి పరిగెత్తాడు.

"బావా! రెడ్డెప్ప బావా! మీ పక్క మనిషి చెయ్యి కడిగినాడు! దేవుడు సల్లగా సూసినాడు!"

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. పురుగులు మాత్రం మేస్తున్నాయి.

వంటింటి గుమ్మంలోకి సుగుణ వచ్చింది. నా ముందరున్న పళ్ళేన్ని చూసి, "సార్" అంది. అంతే. కోప్పడలేదు, ఏడవలేదు. నేను జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాను, కానీ ఆ గుమ్మం ముందు పడ్డంత ఎప్పుడూ పడలేదు. నన్ను నమ్మి ఒకే ఒక్క పని అప్పగించిన పిల్ల ముందు, ఆ పనికి సరిగ్గా ఎదురు పని చేసి, ఎంగిలి చేత్తో కూర్చుని ఉన్నాను.

"సుగుణా, ఇది నేను గురువు పాత్రలో..."

"ఆ మాట వాళ్ళకు సెప్పండి సార్."

చెయ్యి కడుక్కుని హాల్లోకి పోయాను. రెడ్డెప్ప లేచి నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఏం సార్, తిన్నావా?"

"తిన్నాను. అయితే మీరొకటి గమనించాలి. సమాజంలో ప్రతి వ్యక్తికీ అనేక పాత్రలుంటాయి. నేను భుజించింది పెళ్ళివారి పాత్రలో..."

"అవన్నీ నాకు తెల్దు. నువ్వు యా బస్సులో వచ్చినావు?"

"మీతో వచ్చిన బస్సులోనే."

"మా పక్కన కూసోని వచ్చినావా లేదా?"

"కూర్చునే వచ్చాను."

"మరి? పెద్దోణ్ణి, మేనమామను, నేనీడ కూసోనుండంగా, నాకంటే ముందు నువ్వు చెయ్యి కడుగుతావా? మా పిల్లోడి పెండ్లి కుదిర్చేది నేనా నువ్వా?"

"పోనీలే బావా" అన్నాడు మునస్వామి సంతోషం పట్టలేక. "మావోడు, మావోడు అని నువ్వే గదా సెప్తివి. మీలో ఎవరు తింటేనేమి? వక్కాకు తెప్పిస్తాండా, మార్చుకుందాము."

వక్కాకు, అంటే తాంబూలం పళ్ళెం చేతులు మారితే నిశ్చయం అయిపోయినట్టే, ఇంక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. లోపల ఎవరో పళ్ళెం సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను చదివిన పుస్తకాలన్నిట్లో ఆ క్షణానికి పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు.

అప్పుడు సుగుణ హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెళ్ళిచూపుల్లో పిల్ల పిలవకుండా రాకూడదు. అయినా వచ్చింది.

"సార్, మీరెవరి పక్క? ఆ మనిషే సెప్పాలని గదా మీరు క్లాసులో సెప్పింది. సెప్పండి."

అందరూ నావైపు తిరిగారు. పెళ్ళికొడుకు పక్క అంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. గురువును అంటే, ఆ హాల్లో గురువుకంటూ ఒక పక్క లేదు. రెండే పక్కలున్నాయి. ఏదో ఒక పక్కకు పోయి నిలబడక తప్పదు.

"పిల్ల పక్క" అన్నాను.

"యా వరసన?" అన్నాడు రెడ్డెప్ప వెంటనే. వరస లేకుండా పక్క ఉండదు మా దగ్గర.

"అన్నను" అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక అందరితోపాటు నేనూ విన్నాను. "సుగుణకు నేను అన్నను. అన్న చెల్లెలింట్లో తింటే పెళ్ళివారు తిన్నట్టు కాదు."

రెడ్డెప్ప దగ్గరికి వచ్చాడు. "అన్నంటే నోటి మాటనా? రేపు ఈ పిల్లకు కష్టమొస్తే నీ గడపే తొక్కతాది. పండగకు పుట్టింటి సీర నువ్వు పెట్టాల. దీని పిలకాయలకు సెవులు కుట్టేటప్పుడు నీ తొడ మీదనే కూసోబెట్టుకోవాల. పెడతావా?"

"పెడతాను."

"ఈ పొద్దుకు గాదు. సచ్చేదాకా."

"చచ్చేదాకా."

మునస్వామి చేతిలోకి అప్పటికే వక్కాకు పళ్ళెం వచ్చేసింది. దాన్ని పట్టుకునే నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. చేతికందిన సంబంధం పోతోందని ఆయనకు అర్థమైంది.

"నాకు కొడుకుల్లేరు సార్" అన్నాడు. "ఆ మాట ఆటకు అనొద్దు."

"ఆటకు అనడం లేదు."

"అట్లయితే నువ్వే సెప్పు. పిల్లను ఏం జేద్దామంటావు?"

"పరీక్షలు రాయనీ నాయనా."

నాయనా అన్నానని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆయనకు అప్పుడే తెలిసింది. పళ్ళెం కిందపెట్టేశాడు.

రెడ్డెప్ప తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "మా పక్క ఎవరూ చెయ్యి కడగలేదు. కాఫీ తాగినాము, పోతాండాము" అన్నాడు. నేను వెనకాలే బయలుదేరబోతే గుమ్మంలో ఆగి తిరిగి చూశాడు. "నువ్వు యాడికి వస్తాండావు? నీ ఇల్లు ఈడనే గదా" అన్నాడు. మోహన అందరికంటే వెనక పోతూ, నా దగ్గర ఆగి, "సార్, ఊరిబిండి బాగుండిందా?" అని అడిగాడు. బాగుందన్నాను. పాపం, ఆ పెళ్ళికొడుకు ఆ రోజు మొత్తానికి మాట్లాడింది ఆ ఒక్క మాటే.

మర్నాడు మదనపల్లె చేరేసరికి నా పెట్టె, పరుపుచుట్ట, సోషియాలజీ పుస్తకాలు అరుగు మీద ఉన్నాయి. తలుపుకు తాళం. సమాజం తన నియమాలు మీరినవాణ్ణి రకరకాలుగా శిక్షిస్తుందనీ, వాటిని ఆంక్షలంటారనీ, కొన్నిటికి కోర్టులూ పోలీసులూ అక్కర్లేదనీ అంతకుముందు కూడా పాఠం చెప్పేవాణ్ణి. ఆ వారం చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. చివరికి బజారులో ఒక టైలరు సాయబు తన కొట్టు మీది గది ఇచ్చాడు. ఆయన కులం అడగలేదు. నా కథ అప్పటికే ఊరంతా పాకింది కాబట్టి, "భోజనం యాడ చేస్తారు సార్?" అని మాత్రం అడిగాడు.

సుగుణ పరీక్షలు రాసింది. ఫస్టు క్లాసు వచ్చింది. మునస్వామి నన్ను పిలిపించి, "ఇంగా సదవాలంటాండాది, అన్నవు గదా, ఏమంటావు?" అన్నాడు. నేనేమంటాను! తిరుపతికి పంపించాము. నేను ఏటేటా పండక్కి చీర తీసుకుని కుప్పం పోయేవాణ్ణి. మొదట్లో చీరల దుకాణంలో ఏం అడగాలో కూడా తెలిసేది కాదు. మా అమ్మ మొదటి ఏడాది, "ఎవురికిరా ఈ సీర?" అని అడిగి, జరిగింది విని, తల పట్టుకుంది. రెండో ఏడాది నుంచి రంగు తనే ఎంచేది.

ఎనభైల మధ్యలో సుగుణకు పెళ్ళయింది. అప్పటికి ఆమె పుంగనూరులో లెక్చరరు. పెళ్ళికొడుకును తనే ఎంచుకుంది. అన్నగా పెళ్ళి పత్రికలు పంచింది నేను. రెడ్డెప్పకు కూడా తీసుకుపోయి ఇచ్చాను. ఆయన పత్రిక తీసుకుని లోపలికి పోయాడు. పెళ్ళి రోజు మాత్రం కుప్పంలో బస్సు దిగాడు. అందరికంటే ముందు ఆయనను పంక్తిలో కూర్చోబెట్టి, నేనే చెంబుతో చేతి మీద నీళ్ళు పోశాను.

"ఇప్పుడన్నా నాకంటే ముందు తినలేదు గదా?" అన్నాడు.

"లేదు."

ఆయన చెయ్యి కడిగి, నా ముఖం చూసి, మెల్లగా అన్నాడు. "పిచ్చోడా, ఆ పొద్దు నేను చెయ్యి కడిగేదానికే వచ్చినాను. పిల్ల మాకు ముందే నచ్చినాది. నేను కడిగేదాకా మావోళ్ళెవరూ ముట్టగూడదనే కాఫీ తప్ప వద్దని సెప్పింది. రెండో కాఫీ తాగినంక మునస్వామిని చేతికి నీళ్ళడగదామని కూసోనుండా. అంతలోకే నువ్వు పోయి మెక్కితివి. నాకు తిక్క రేగిపోయినాది. నేను కుదర్చాల్సిన పెండ్లి నీ నోటితో కుదిరేదేందని లేసొచ్చేసినా."

చెంబు నా చేతిలో అట్లానే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ సుగుణ చదువును నేను పాడుచేయబోయి, చివర్లో ఒక మాటతో కాపాడానని అనుకుంటూ ఉన్నాను. ఆ రోజు నేను మాట నిలబెట్టుకుని బుద్ధిగా కుర్చీలో కూర్చుని ఉంటే, రెడ్డెప్ప చెయ్యి కడిగేవాడు, మాఘంలో పెళ్ళి అయిపోయేది. నా తెలివి ఆ పిల్లకు ఏమీ చేసి ఉండేది కాదు. చేసిందల్లా నా ఆకలి. ఇది ఏ పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం కిందికి వస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత రెండేళ్ళకు సుగుణ కూతురికి చెవులు కుట్టారు. పాప నా తొడ మీద కూర్చుని, కంసాలిని చూసి కెవ్వుమని, నా కొత్త పంచె తడిపేసింది. ఆ ఏడాదే కాలేజీ తెరిచాక సుగుణ కబురు చేసింది. "కొత్తగా చేరిన పిలకాయలకు సోషియాలజీ అంటే ఏమో నువ్వొచ్చి సెప్పాల అన్నా." నేను నిర్వచనాలన్నీ రాసుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని పుంగనూరు పోయాను.

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పరిచయం చేస్తానని మొదలుపెట్టి, ఈ కథంతా చెప్పేసింది. దోసెలు, బస్సు, సంగటి, నా ఎంగిలి చెయ్యి, ఏదీ వదల్లేదు. ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఇదే చెప్తుందట. పిల్లలు బెంచీల మీద పడి నవ్వుతున్నారు. నేను గంభీరంగా కిటికీ బయటికి చూస్తున్నాను.

"ఇప్పుడు సెప్పండి, సార్ చేసిన తప్పేమి?" అని అడిగింది.

"పుంగనూరులో దోసెలు తినకపోవడం మేడమ్!" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. నా దృష్టిలో వాడికి ఆ రోజే డిగ్రీ ఇచ్చేయొచ్చు.

నవ్వులు ఆగాక ఆమె నెమ్మదిగా అంది. "మనం ఎవరమో మనం ఒక్కరమే తేల్చుకోలేము. సుట్టూ ఉండేవాళ్ళు గూడా తేలుస్తారు. సార్‌ను నేను క్లాసులో అడిగిన ప్రశ్నకు అది జవాబు. కానీ ఒకసారి నోటితో ఒప్పుకున్నాక, దాన్ని మోసేది మాత్రం మనమే. సార్ మోస్తాండారు." ఆ మాటకు నా కళ్ళద్దాలు మసకబారాయి. చాక్‌పీసు దుమ్ము అని అందరికీ చెప్పాను.

నేను రాసుకొచ్చిన నిర్వచనాలు జేబులోనే ఉండిపోయాయి. లేచి, గొంతు సవరించుకుని, ఆ విద్యార్థులందరి సాక్షిగా గట్టిగా ప్రమాణం చేశాను. ఈ బొందిలో ప్రాణం ఉన్నంతవరకు, నేను ఎవరి పక్క వచ్చానో నలుగురి ముందు ముందుగా తేల్చుకోకుండా, ఏ ఊర్లోనూ, ఏ ఇంట్లోనూ, ఎంతటి ఊరిబిండి ఎదురుగా ఉన్నా, చెయ్యి కడగనంటే కడగనన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గంట మోగింది.

స్టాఫ్‌రూము వెనక వేపచెట్టు కింద సుగుణ క్యారియరు విప్పింది. సంగటి, ఆకుకూర పులుసు, ఊరిబిండి. అవ్వ అప్పటికి లేదు. వంటలో చెయ్యి మాత్రం అవ్వదే. సుగుణ చెంబు వంచి పట్టుకుంది.

"చెయ్యి కడుక్కో అన్నా."

ప్రమాణం చేసి ఇంకా గొంతు తడి కూడా ఆరలేదు. ఎవరి పక్క అని అడగాలని గుర్తుకొచ్చింది. అడగలేదు. చెయ్యి చాపాను.